కణం చెప్పే ఊరూ పేరూ

ఎలుకకి రక్తక్యాన్సర్ వచ్చిందని పసిగట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మా యానిమల్ హౌస్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్దాయన బోను మూత తీయకుండానే చెప్పేస్తాడు. "మేడమ్, మూడో ర్యాకులో ఒకటి వీపు గూని చేసుకుని మూలన కూర్చుంది. బొచ్చు నిక్కబొడుచుకుంది. ఓసారి చూడండి" అంటాడు. వెళ్లి చూస్తే చెవులు పాలిపోయి ఉంటాయి. ఒంట్లో రక్తం తగ్గిందన్నమాట. మెడ కింద, చంకల్లో వేలికి తగిలేలా బిళ్లలు కట్టి ఉంటాయి. పొట్ట ఎడమవైపు తడిమితే గట్టిగా ఏదో అడ్డుపడుతుంది. అది ఉబ్బిన ప్లీహం.

బాధ ముదిరేదాకా దాన్ని అలా వదిలేయం. ఈ లక్షణాలు కనపడగానే నొప్పి తెలియకుండా ప్రాణం తీసేయాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఇచ్చేది ఆ షరతు మీదే. అక్కడితో పెద్దాయన పని అయిపోతుంది. నా పని మొదలవుతుంది. ఇంతకీ ఇది ఏ రక్తక్యాన్సర్?

గన్నవరంలో పశువైద్యం చదివి, పాథాలజీ వైపు వచ్చి, ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో ఎలుకల రక్తక్యాన్సర్లు ఏ రకానివో తేలుస్తుంటాను. పెళ్లిళ్లలో "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగినవాళ్లకి ఇదే చెబితే "అయ్యో పాపం" అంటారు. నన్ను చూసి అంటారో, ఎలుకని తలుచుకుని అంటారో తెలియదు.

ఈ పనికి ఒక జీతగత్తె ఎందుకంటారా? రక్తక్యాన్సర్ అనేది ఒక్క జబ్బు కాదు. బీ కణాల్లో పుట్టేవి కొన్ని, టీ కణాల్లో పుట్టేవి కొన్ని, సూక్ష్మజీవుల్ని మింగే మైలాయిడ్ కణాల్లో పుట్టేవి ఇంకొన్ని. ఒక్కో కణంలోనూ అది పసితనంలో చెడిందా, ఎదిగాక చెడిందా అన్నదాన్ని బట్టి జబ్బు మారుతుంది, మందూ మారుతుంది. మనుషుల్లో ఎంతో ఎలుకల్లోనూ అంతే. ఫలానా మందు ఎలుకలో పనిచేసింది అనేముందు ఆ ఎలుకకి వచ్చిందేమిటో తేలకపోతే, ఆ ఫలితం ఏ రోగికి వర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు.

సూక్ష్మదర్శిని ఎంతవరకు?

మొదట్లో కన్నే ఆధారం. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో థెల్మా డన్ అనే పాథాలజిస్టు 1954లో ఎలుకల రక్తక్యాన్సర్లని సూక్ష్మదర్శిని కింద చూసి వర్గాలుగా విడగొట్టారు. దశాబ్దాలపాటు అందరూ అనుసరించిన పద్ధతి అది. ఆమె 'రెటిక్యులమ్ కణాల కణితి' అన్న శీర్షిక కింద ఏ రకం, బీ రకం అని పెట్టినవి పక్కపక్కనే ఉంటాయి. తర్వాతి కాలంలో తేలిందేమిటంటే, మొదటిది మ్యాక్రోఫేజ్ తరహా కణాల క్యాన్సర్, రెండోది బీ లింఫోసైట్ల క్యాన్సర్. రెంటికీ పుట్టుకలోనే పొత్తు లేదు.

తప్పు ఆమె కంటిది కాదు. చెడిన రక్తకణాలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి, గుండ్రంగా, పెద్ద కేంద్రకంతో. పోలీసుకీ, హోంగార్డుకీ, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కీ దూరం నుంచి ఖాకీ ఒక్కటే. భుజమ్మీద బ్యాడ్జీ చదివితేనే ఎవరు ఎవరో తెలిసేది. కణానికీ అలాంటి బ్యాడ్జీలు ఉన్నాయి. దాని పైపొర మీద నిలబడి ఉండే ప్రోటీన్లవి. అప్పటికి వాటిని చదివే దారి లేదు.

ఆ రోజుల్లో ఎలుక లుకేమియాలన్నిటిలోకీ పేరుపడ్డది ఎల్1210. 1948లో లాయిడ్ లా బృందం చర్మానికి మిథైల్‌కొలాంథ్రీన్ అనే రసాయనం పూసిన ఒక డీబీఏ వంశపు ఎలుకలో పుట్టిందది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ల్యాబొరేటరీస్ తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా కొన్నాళ్లపాటు తగ్గుముఖం పట్టిందని సిడ్నీ ఫార్బర్ బోస్టన్ నుంచి ప్రకటించిందీ ఆ ఏడాదే. దాని వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. అలాంటి మందులెన్నిటినో ఎల్1210 ఎలుకల మీద పరీక్షించారు. ఒక్క లుకేమియా కణం మిగిలినా చాలు, ఎలుక ప్రాణం పోతుందని అలబామాలో హోవర్డ్ స్కిపర్ నిరూపించిందీ వాటి మీదే. ఇంత పని చేయించుకున్నా అది బీ కణాల జబ్బా, టీ కణాల జబ్బా అని 1948లో ఎవరూ అడగలేదు. బీ, టీ అనే తేడాయే అప్పటికి లేదు.

ఆ తేడా బయటపడడంలోనూ ఎలుక లుకేమియా హస్తం ఉంది. జాక్ మిల్లర్ అనే యువ పరిశోధకుడు లండన్‌లో వైరస్ వల్ల వచ్చే ఎలుక లుకేమియా మీద పనిచేస్తూ, ఆ జబ్బు మొదలయ్యే థైమస్ గ్రంథిని పుట్టీపుట్టగానే తీసేస్తే ఏమవుతుందో చూశాడు. ఆ ఎలుకపిల్లలు చిక్కి శల్యమయ్యాయి. వాటిలో లింఫోసైట్లు కరువయ్యాయి. వేరే ఎలుక చర్మం అతికిస్తే తిప్పికొట్టలేకపోయాయి. అంతదాకా పనికిమాలినదనుకున్న థైమస్ రోగనిరోధకతకి మూలమని 1961లో ఆయన ప్రకటించాడు. థైమస్‌లో తయారయ్యే కణాలనే ఇప్పుడు టీ కణాలంటున్నాం.

గుర్తులు దొరికిన వైనం

ఆ వెంటనే ఒకదాని తర్వాత ఒకటి గుర్తులు దొరకసాగాయి. న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్, ఎడ్వర్డ్ బోయిస్ 1963లో ఎలుక లుకేమియా కణాల మీద ఒక గుర్తు పట్టుకున్నారు. అదే గుర్తు కొన్ని వంశాల ఎలుకల్లో ఆరోగ్యంగా ఉన్న థైమస్ మీద కూడా ఉంది. మరుసటి ఏడాది ఆర్నాల్డ్ రైఫ్, జోన్ అలెన్ ఇంకోటి కనిపెట్టారు. దాన్నే ఇప్పుడు థై-1 అంటున్నాం. టీ కణాలని గుర్తుపట్టడానికి దశాబ్దాలుగా వాడుతున్నాం. విచిత్రమేమిటంటే అది ఎలుక మెదడులోనూ ఉంది. ఒక గుర్తు ఒకే కణానికి సొంతం కాదన్న పాఠం ఆదిలోనే అందిందన్నమాట.

గుర్తుని చదివేది దానికి అతుక్కునే యాంటీబాడీ. ఆ తొలిరోజుల్లో అందుకు వాడిన సీరం బ్యాచ్ బ్యాచ్‌కీ మారిపోయేది. 1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ దానికి విరుగుడు కనిపెట్టారు. యాంటీబాడీ తయారుచేసే కణాన్ని చావు తెలియని క్యాన్సర్ కణంతో కలిపేస్తే, ఒకే రకం యాంటీబాడీ ఎంత కావాలంటే అంత వస్తుంది. వాళ్లు వాడిన క్యాన్సర్ కణం కూడా ఎలుకదే. మైకేల్ పాటర్ బాల్బ్-సీ ఎలుకల పొట్టలోకి మినరల్ ఆయిల్ ఎక్కించి పుట్టించిన ప్లాస్మా కణాల క్యాన్సర్ సంతతి అది. రక్తక్యాన్సర్లని వేరుచేసే పనిముట్టు ఒక రక్తక్యాన్సర్ నుంచే వచ్చింది. 1984 నోబెల్‌లో ఇద్దరికీ వాటా దక్కింది.

మా ఫ్రిజ్‌లో ఉండే చిన్న చిన్న సీసాలు ఆ పద్ధతి ఫలితమే. ఎలుక కణాల మీది గుర్తుల్ని ఎలుకే పరాయివిగా చూడదు కాబట్టి వీటిలో చాలా యాంటీబాడీలు పెద్ద ఎలుకల (ర్యాట్ల) నుంచి, కొన్ని హామ్‌స్టర్ల నుంచి వచ్చినవి. బీ కణాలకి బీ220, సీడీ19. టీ కణాలకి థై-1, సీడీ3, సీడీ4, సీడీ8. మైలాయిడ్ కణాలకి మ్యాక్-1, జీఆర్-1. ఎర్ర కణాల వంశానికి టెర్-119. ఏ వంశమైనా ఇంకా పసి కణమే అని చెప్పడానికి సీ-కిట్. ఒక్కో యాంటీబాడీకీ ఒక్కో రంగులో వెలిగే అద్దకం తగిలించి అమ్ముతారు.

బల్ల మీద జరిగేది

ఆరోగ్యంగా ఉన్న ఎలుక ప్లీహం 0.1 గ్రాము మించదు. పొడవుగా, సన్నగా, ముదురు ఎరుపులో ఉంటుంది. జబ్బు ఎలుకది దానికి ఎన్నో రెట్లు లావెక్కి, రంగు తేలిపోయి, కోస్తే మెత్తగా జారుతుంది. ఒక ముక్క ఫార్మలిన్‌లో వేసి సూక్ష్మదర్శినికి పంపుతాను. మిగిలినదాన్ని సన్నటి నైలాన్ వల మీద పెట్టి, సిరంజి పిడితో నలుపుతూ చల్లటి ద్రావణం పోస్తే కణాలు విడివిడిగా కిందికి దిగుతాయి. ఎర్ర కణాలు అడ్డు రాకుండా అమోనియం క్లోరైడ్ ద్రావణంతో పగలగొట్టేస్తాం. ఎరుపు పోయి అడుగున తెల్లటి ముద్ద మిగులుతుంది. జబ్బంతా అందులోనే ఉంది.

ఒక్కో గొట్టంలో 10 లక్షల కణాలు తీసుకుంటాం. కొన్ని కణాలు ఏ యాంటీబాడీ దొరికినా తోకవైపు నుంచి పట్టేసుకుంటాయి. వాటి నోరు ముందే మూయించడానికి ఇంకో యాంటీబాడీ కలపాలి. ఆపైన రంగుల యాంటీబాడీలు వేసి, వెలుతురు తగలకుండా ఐసులో అరగంట ఉంచి, కడిగి, ఫ్లో సైటోమీటర్‌లో పెడతాం. సన్నటి ధారలో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పోతుంటే, సెకనుకి వేల కణాల చొప్పున యంత్రం లెక్క రాసుకుంటుంది: దీని సైజు ఇంత, లోపల గరుకుదనం ఇంత, ఈ రంగు వెలిగింది, ఆ రంగు వెలగలేదు. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. చుక్కలు గుంపులుగా చేరతాయి. నేను చదవాల్సింది ఆ గుంపుల్ని.

కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే తొందరపడతారు. "మేడమ్, బీ220 పాజిటివ్, బీ కణాల లింఫోమా" అని రాసేస్తారు. బీ220 ఒక్కటీ చూసి తీర్పు చెప్పకూడదు. ఎంఆర్‌ఎల్-ఎల్‌పీఆర్ అని ఒక ఎలుక వంశం ఉంది. ఒళ్లంతా బిళ్లలు కట్టి అచ్చం లింఫోమాలాగే కనిపిస్తుంది. ఆ బిళ్లల్లో ఉన్నవి బీ220 మోసే టీ కణాలు. సీడీ3 చూస్తే ఉంటుంది, సీడీ4, సీడీ8 రెండూ ఉండవు. పైగా అది క్యాన్సరే కాదు. చావవలసిన కణాలకి చావమని చెప్పే ఫ్యాస్ అనే జన్యువు చెడిపోయి, కణాలు పేరుకుపోయాయంతే.

అందుకే ఏ గుర్తు ఉందన్నదానితో పాటు ఏది లేదన్నదీ చూడాలి. ఎక్కడ ఉందన్నదీ చూడాలి. సీడీ4, సీడీ8 రెండూ మోసే కణాలు థైమస్‌లో నూటికి ఎనభై దాకా ఉంటాయి, అది వాటి పుట్టిల్లు. అవే కణాలు ప్లీహంలో గుంపుగా కనిపిస్తే అనుమానించాలి. థైమస్‌లో మొదలైన లింఫోమా ఊరంతా పాకిందన్నమాట.

మనుషుల్లో పనికొచ్చే ఒక సులువు ఎలుకలో పనికిరాదు కూడా. మన బీ కణాల్లో యాంటీబాడీ తేలిక గొలుసు కాపాగానో లామ్డాగానో ఉంటుంది, దాదాపు 60, 40 పాళ్లలో. ఒక గుంపంతా ఒకే గొలుసు మోస్తుంటే అవన్నీ ఒకే చెడ్డ కణం సంతానమని డాక్టర్లు పట్టేస్తారు. ఎలుకలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే నూటికి 95 కాపా. అన్నీ కాపాయే అంటే అందులో వింతేముంది? ఎలుక విషయంలో ఆ సంగతి తేల్చాలంటే జన్యువుల అమరికే చూడాలి.

బర్కిట్ ఎలుక కథ

గుర్తులు ఎంత దూరం తీసుకెళ్తాయో చెప్పడానికి నాకు బాగా తెలిసిన ఎలుక ఈ-మ్యూ-మిక్. మనుషుల్లో బర్కిట్ లింఫోమా అనే జబ్బులో మిక్ అనే జన్యువు 8వ క్రోమోజోమ్ మీద తన చోటు వదిలి, చాలాసార్లు 14వ క్రోమోజోమ్ మీది యాంటీబాడీ జన్యువు పక్కన చేరుతుంది. బీ కణంలో ఆ ప్రాంతం ఎప్పుడూ రాజుకుంటూ ఉంటుంది కాబట్టి మిక్ కూడా ఆగకుండా పనిచేస్తుంది. మెల్‌బోర్న్‌లో వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన జెర్రీ ఆడమ్స్, సుజాన్ కోరీ బృందం, అమెరికాలో రాల్ఫ్ బ్రిన్‌స్టర్, రిచర్డ్ పామిటర్‌లతో కలిసి, సరిగ్గా ఆ పొరపాటునే ఎలుక జన్యువుల్లోకి ఎక్కించింది. 1985లో ప్రచురించారు. ఆ ఎలుకలు పుట్టిన కొన్ని నెలలకే లింఫోమాతో పోతాయి.

జన్యువు బర్కిట్‌ది కాబట్టి వచ్చింది బర్కిట్ లింఫోమానే అనుకోవాలి కదా. మా తెర మీద చూడండి. బీ220 వెలిగింది. సీడీ19 వెలిగింది. సీడీ3 లేదు, మ్యాక్-1 లేదు. బీ వంశమే, సందేహం లేదు. కణాల సైజు మామూలు బీ కణం కంటే బాగా పెద్దది. ఇప్పుడు ఐజీఎం అనే యాంటీబాడీ ఉందా అని చూస్తాను. ఎదిగిన బీ కణం తన యాంటీబాడీని పైపొర మీద ఎగరేసి ఉంచుతుంది, మనిషి బర్కిట్ కణం కూడా అంతే. ఈ ఎలుకలో ఆ గుంపు అడ్డంగా కుడివైపు పోయింది కానీ పైకి లేవలేదు. ఐజీఎం లేదు. ఇది ఎదగని కణం, ప్రీ-బీ. బర్కిట్ కంటే పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా వైపు మొగ్గే జబ్బు. పక్క బోనులో ఉన్న తోడబుట్టిన ఎలుకని చూస్తే దాని గుంపు ఐజీఎంతో పైకి లేచి ఉండొచ్చు. తల్లీతండ్రీ ఒకరే, ఎక్కించిన జన్యువు ఒకటే, జబ్బులు రెండు. రెంటినీ ఒకే గాటన కట్టి మందు ఇస్తే వచ్చే ఫలితం కలగాపులగమే.

అదే మెల్‌బోర్న్‌లో ఆండ్రియాస్ స్ట్రాసర్ తదితరులు 1990లో ఇంకా పెద్ద వింత చూపించారు. మిక్‌కి తోడు, కణాన్ని చావనివ్వని బీసీఎల్-2 జన్యువు కూడా కలిపితే ఎలుకలు మరీ త్వరగా పోయాయి. రెండు జన్యువుల్నీ బీ కణాలని దృష్టిలో పెట్టుకునే ఎక్కించినా, కణితులు బీ కూడా కాదు, ప్రీ-బీ కూడా కాదు. అంతకంటే ముందు దశలో ఉన్న ఆదిమ కణాలు. గుర్తులు చూడకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఇలాంటి అనుభవాలు పోగుపడ్డాకే 2002లో అమెరికాలోని బెథెస్డా పేరుతో రెండు పత్రాలు వచ్చాయి, లింఫాయిడ్ జబ్బుల మీద హెర్బర్ట్ మోర్స్ ముందుండి రాసినది ఒకటి, మిగతా రక్తక్యాన్సర్ల మీద స్కాట్ కోగన్ రాసినది ఇంకోటి. ఇప్పటికీ మా బల్ల మీద ఉంటాయి. సారాంశం ఒక్కటే: ఎక్కించిన జన్యువుని చూసి పేరు పెట్టొద్దు. కణం ఆకారం, పైగుర్తులు, జన్యువుల అమరిక, జబ్బు నడక అన్నీ కలిపి చూడు. ఉదాహరణకి తీవ్ర మైలాయిడ్ లుకేమియా అనాలంటే మజ్జలోనో ప్లీహంలోనో పసి కణాలు కనీసం 20 శాతం ఉండాలి. మ్యాక్-1, జీఆర్-1 వెలిగినంత మాత్రాన సరిపోదు. ఒంట్లో చీము పట్టినా ఆ కణాలు పెరుగుతాయి.

పెద్ద ఎలుకల సంగతి వేరు. వాటికి యాంటీబాడీలు తక్కువ, జబ్బులూ వేరే. అమెరికా ప్రభుత్వ విషపరీక్షల్లో దశాబ్దాలు వాడిన ఎఫ్344 అనే వంశానికి ముసలితనంలో దానంతటదే ఒక లుకేమియా వస్తుంది. రసాయనం పెట్టిన ఎలుకకి వచ్చినా అది రసాయనం చలవో, వంశం చలవో తేల్చడం తలనొప్పి. చివరికి వాళ్లు ఆ వంశాన్నే పక్కనబెట్టారు.

బాబాయి ఫార్వర్డులు

మా బాబాయికి కొన్నేళ్ల కింద సీఎల్‌ఎల్ అనే నెమ్మదైన లుకేమియా బయటపడింది. తెనాలిలో ఉంటాడు. ఆయన రిపోర్టులో "సీడీ5, సీడీ19, సీడీ23 పాజిటివ్" అని ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇమ్యూనోఫినోటైపింగ్ అనే పరీక్ష చేయించి ఉంటే మీరూ ఇలాంటి అంకెలు చూసే ఉంటారు. ఎలుకకి నేను చేసే పరీక్షే అది, మనిషి గుర్తులతో.

ఒకరోజు వాట్సాప్‌లో ఒక వార్త పంపి ఫోన్ చేశాడు. "అమ్మడూ, ఎలుకల్లో లుకేమియా మాయమైందట. మన డాక్టరు గారిని అడగనా?"

చదివి చూశాను. "బాబాయ్, అది మైలాయిడ్ లుకేమియా ఎలుక. మీది బీ కణాల జబ్బు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మరి నా జబ్బున్న ఎలుక లేదా?"

"ఉంది. టీసీఎల్1 ఎలుక అంటారు. 2002లో కార్లో క్రోచే వాళ్లు తయారుచేశారు. ముసలిదయ్యాక మీలాగే సీడీ5 మోసే బీ కణాలు పెరుగుతాయి. కాకపోతే అది దూకుడు రకానికి దగ్గర. మీది ఇన్నేళ్లుగా మందే అడగని రకం."

"అంటే దాని మందు నాకు అక్కర్లేదన్నమాట."

"ఇప్పటికైతే అక్కర్లేదు. ఆ మాట మీ డాక్టరు గారు ముందే చెప్పారుగా."

కాసేపు ఊరుకుని, "సరేలే, నా గొడవ వదిలెయ్. ఈ రిపోర్టులు తెచ్చుకునేవాళ్లందరికీ నువ్విలా చెబితే బాగుండును" అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి అది ఒక కారణం. బాబాయి ఫార్వర్డులు ఆగలేదు. కానీ ఇప్పుడు పంపే ప్రతి వార్త కింద ఆయనే ఒక ముక్క రాస్తున్నాడు: "ఎలుకలో తగ్గిందన్నారు సరే, ఏ కణమో రాయలేదు. కనుక్కుని చెప్పు."